ఉప్పు వేసిన చెయ్యి

మా మామగారు సైన్యంలో ఉన్నన్నాళ్లూ తుపాకీ కంటే గరిటే ఎక్కువ పట్టారు. వంటవాడు. బయటికి వచ్చాక పెళ్లిళ్లకీ పార్టీలకీ వంటలు ఒప్పుకునే వ్యాపారం పెట్టి, ఊళ్లో మంచి పేరు తెచ్చుకున్నారు. ఆయన చెయ్యి పడితే గడ్డి కూడా రుచిగా ఉంటుందని జనం అంటారు. ఆ మాట మొదట అన్నది ఆయనేనని నా అనుమానం.

ఆయనకున్న దిగులల్లా ఒక్కటే. ఏటా పాత సైనికులంతా ఒక హాల్లో కలుస్తారు. పతకాలున్నవాళ్లు ముందు వరసలో దర్జాగా కూర్చుంటే మిగతావాళ్లు వాళ్లకి వడ్డిస్తారు. మామగారు గుమ్మంలో అడుగు పెట్టగానే ఎవరో ఒకరు "వచ్చావా? వంటగది అటు!" అంటారు. ఆయన నవ్వుతూనే వెళ్లి చొక్కా చేతులు మడుస్తారు. ఇంటికి వచ్చాక మాత్రం రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడరు.

నిజానికి ఆయనకీ ఒక పతకం రావాలి. యుద్ధంలో ఒకసారి వాళ్ల పటాలంలో కొంతమంది మంచుకొండ మీది కాపలా చౌకీలో చిక్కుకుపోయారు. పైనుంచి గుండ్లు, చుట్టూ మంచు, తిండి లేదు. కిందనుంచి ఒక మనిషి సూపు గిన్నెకి దుప్పట్లు చుట్టి, వీపుకి కట్టుకుని, చీకట్లో పాక్కుంటూ వాళ్ల దగ్గరికి చేరాడు. చౌకీలో ఉన్నవాళ్లందరికీ, సూపు తెచ్చినవాడికీ పతకాలు ప్రకటించారు. తెచ్చింది మా మామగారు. రికార్డులో ఉన్నది మాత్రం పెద్ద వంటమనిషి పేరు. ఆయన్ని అందరూ ఉస్తాదు అనేవారట. ఉస్తాదు ఆ పతకం తనది కాదని తీసుకోలేదు. మరి ఎవరిదో చెప్పకుండానే కాలం చేశాడు.

మావారు నోట్లో నాలుక లేని మనిషి కాబట్టి రికార్డు సరిచేయించే పని నా నెత్తిన పడింది. నేను కరెంటు బిల్లుల ఆఫీసులో కిటికీ దగ్గర కూర్చుంటాను. అర్జీల్లో తప్పులు పట్టి జనాన్ని రేపు రమ్మని పంపడమే నా ఉద్యోగం. అలాంటి నేను రాసిన అర్జీ తిరిగి రాదనుకున్నాను. తిరిగొచ్చింది. సూపు వండినవాడే పైకి తెచ్చాడని చౌకీవాళ్లు అప్పుడే చెప్పారనీ, వండింది ఉస్తాదనీ, కనుక విచారణకి స్వయంగా హాజరై సంగతేమిటో చెప్పుకోమనీ జవాబు.

విచారణకి ముందురోజు సాయంత్రం మామగారు వంటగదిలో ఉల్లిపాయలు తరుగుతుంటే వెళ్లి నిలదీశాను.

"మామయ్యగారూ, ఆ సూపు ఎవరు వండారు?"

"వంటవాళ్లే వండారమ్మా."

"ఏ వంటవాళ్లు?"

"సైన్యం వంటవాళ్లు."

ఇంతసేపు నీళ్లు నమిలే మనిషి కాదాయన. కత్తిపీట లాక్కుని ఎదురుగా కూర్చున్నాను. ఆయన కళ్లు తుడుచుకున్నారు. ఉల్లిపాయల వల్లేనని నన్ను నమ్మించబోయి, చివరికి చెప్పేశారు.

వాళ్ల వంటశాలలో ఒక కట్టడి ఉండేదట. ఎంతమంది వండినా ఉప్పు వేసే చెయ్యి ఒక్కటే ఉండాలి, అది ఉస్తాదుది. ఆ రోజు ఉస్తాదుకి ఒళ్లు కాలిపోయే జ్వరం. ఎలాగో లేచి వచ్చి, సూపులో ఉప్పు వేసి, ఎవరికీ చెప్పకుండా వెళ్లి పడుకున్నాడు. ఆయన రానేలేదనుకుని మామగారు తనూ వేశారు. కంగారులో గుప్పెడు ఎక్కువే పడింది. రుచి చూసే తీరిక లేక మూత పెట్టి, గిన్నె కట్టుకుని కొండెక్కారు.

"చౌకీవాళ్లు బతికి కిందికి రాగానే 'ఆ సూపు వండి తెచ్చినవాడెవడురా' అని కేకలమ్మా. నా మొహం వాళ్లు చూడలేదు. కంబళి చుట్టుకున్నాను, కళ్లు తప్ప ఏమీ కనపడలేదు. నేను భయపడి ఉస్తాదు వైపు వేలు చూపించాను. ఆయన నావంక ఒకసారి చూసి, 'నేనే' అన్నాడు. అదే రాసేసుకున్నారు."

"రేపు ఇదే చెప్పండి."

"చచ్చినా చెప్పను. పతకం రాకపోతే పోనీ. ఉప్పు ఎక్కువేశాడని తెలిస్తే నా వంటకి ఎవడు పిలుస్తాడు?"

"అన్నీ వేసి చూడు, నన్ను వేసి చూడు అందిట ఉప్పు. మీరు బాగానే వేసి చూశారు," అన్నాను.

"నీకు హాస్యంగా ఉందా?"

"ముందు వరస కావాలో, ఈ ఉత్త పేరు కావాలో తేల్చుకోండి. రెండూ కావాలంటే కుదరదు!" అని కసిరి వచ్చేశాను. కసిరానే గానీ ఆయన మొహం చూస్తే జాలేసింది.

మర్నాడు విచారణ గదిలో పొడుగాటి బల్ల, దాని వెనక కళ్లద్దాల అధికారిణి. పక్కన సాక్షిగా ఒక ముసలాయన, చేతికర్ర మీద గడ్డం ఆనించి. ఆనాడు చౌకీకి నాయకుడు ఆయనే. ఆయన కోపానికి సైనికులు మిరపకాయ అని పేరు పెట్టుకున్నారని మామగారు నా చెవిలో చెప్పారు. ఆ ఘాటు ఇంకా తగ్గలేదు.

"తెచ్చింది నువ్వేనా?" అన్నాడు మిరపకాయ.

"నేనేనండి."

"అయితే చెప్పు. ఎలా ఉంది సూపు?"

మామగారు తేలు కుట్టిన దొంగలా మెలికలు తిరిగారు. పైకప్పు వంక చూశారు, కిటికీ వంక చూశారు, నా వంక చూశారు. బాగుందంటే పతకం పోతుంది, బాగాలేదంటే పరువు పోతుంది.  నాకు ఆయన్ని చెప్పమని గిల్లాలనిపించింది, చెప్పకపోయినా ఇంటికి తీసుకుపోయి కాఫీ ఇవ్వాలనీ అనిపించింది.

"ఉప్పు కషాయమండి," అన్నారు మామగారు. "రెండు చేతులు పడ్డాయి. రెండోది నాది."

మిరపకాయ బల్ల మీద గుద్ది మరీ నవ్వాడు. నవ్వు దగ్గులోకి దిగింది, నేను లేచి మంచినీళ్లిచ్చాను.

"దొరికావురా! ఇన్నేళ్లూ అనవసరంగా ఉస్తాదుని తిట్టుకున్నాను. ఒక్కడంటే ఒక్కడు గుటక మింగలేకపోయాడు, తెలుసా?"

మామగారికి పౌరుషం వచ్చింది. "ఒక్కరూ తాగలేదా? అంత కొండా పాక్కుంటూ తెస్తే?"

"ఎవడు తాగుతాడయ్యా, ప్రాణం మీదికి వచ్చినా! కానీ పొగలు కక్కుతోంది. మగ్గుల్లో పోసుకుని చేతులు కాచుకున్నాం. మగ్గు చల్లారితే మళ్లీ గిన్నెలోంచి పోసుకున్నాం. తెల్లారేదాకా అదే పని." ఆయన కర్ర పక్కన పెట్టి, రెండు చేతులూ బల్ల మీద చాపాడు. "పక్క చౌకీవాళ్ల వేళ్లు మంచుకి పోయాయి. మా వేళ్లన్నీ ఉన్నాయి. చూడు."

మామగారు ఆ చేతులకేసి చాలాసేపు చూశారు.  ఇన్నేళ్లూ ఈయన చెప్పే కొండ కథని కూరలో కరివేపాకులా తీసిపారేసినందుకు నామీద నాకే కోపం వచ్చింది.

"సూపులో మీ చెయ్యీ ఉందని సాక్షి ఒప్పుకున్నారు కనుక రికార్డు మారుస్తున్నాం. పతకం మీదే," అంది అధికారిణి.

నేను సంచీ భుజాన వేసుకున్నాను. మామగారు కదల్లేదు.

"అమ్మా, ఇంకో దిద్దుబాటు ఉంది. ఉప్పు ఎక్కువ వేసింది ఉస్తాదు కాదని కూడా రాయండి. ఆయన చెయ్యి జన్మలో ఉప్పు తప్పలేదు. ఆ తిట్లన్నీ నేను తినాల్సినవి, ఆయన తిన్నాడు."

"దానికి ఫారంలో చోటు లేదండీ," అంది ఆవిడ.

రోజూ కిటికీ ఇవతలినుంచి నేను అనే మాటే అది. ఆ రోజు వినేవైపు కూర్చున్నానేమో, ఒళ్లు మండిపోయింది.

"చోటు లేకపోవడమేమిటి మేడమ్? అడుగున అంత ఖాళీ ఉందిగా!"

"రాయమ్మా. నేను సాక్షి సంతకం పెడతాను," అన్నాడు మిరపకాయ.

ఆవిడ రాసింది. ఉస్తాదు వేసిన ఉప్పు సరిగ్గానే ఉందనీ, ఎక్కువైంది సహాయకుడి చేతివల్లనేననీ పైకి చదివింది. మామగారు ఇంకోసారి చదివించుకుని విన్నారు. తర్వాత కళ్లు తుడుచుకుని, పతకం ఎప్పుడిస్తారని అడిగారు.