చెవిటాయన ఫోన్ బూత్

షట్టరు సగం లేపి, వంగి లోపలికి దూరి, స్టూలు మీది దుమ్ము తువాలుతో దులిపి, ఫోనుకు మూడు అగరొత్తులు చూపించాక కురుమూర్తి చెవుల్లో దూది పెట్టుకున్నాడు. కుడిచెవిలో కొంచెం, ఎడమచెవిలో కొంచెం. ఆరేళ్లుగా ఇదే వరస. గద్వాల బస్టాండు పక్క సందులో ఆ బూతుకు పసుపుపచ్చ బోర్డు ఉంది గాని, బోర్డు చదివి వచ్చే మారాజులు ఎవరూ లేరు. చెవిటాయన బూత్ అంటే ఏ ఆటోవాడైనా చూపిస్తాడు.

యాభై ఎనిమిదేళ్ల మనిషి. పొట్టి, బక్క. చొక్కా గుండీలు మెడదాకా పెట్టుకుంటాడు. బట్టతల మీద ఈ చెవి నుంచి ఆ చెవికి సన్నని నొక్కు ఒకటి ఉంటుంది. ఒకప్పుడు మూటలు మోశాడేమో అనుకుంటారు జనం. ఫోను చెవికి అదిమి పెట్టుకుంటే తప్ప ఆయనకేమీ వినబడదని కూడా అనుకుంటారు.

దాచడమెందుకు, ఆయనకు చెవుడు లేదు. ఆ సంగతి భార్య జానకమ్మకు ఒక్కదానికే తెలుసు. "ఊరందరికి చెవిటోడు. ఇంట్ల పిల్లి నడిచినా ఇనబడ్తది ఈ మనిషికి" అని మూతి తిప్పుకునేది.

మిలటరీలో కురుమూర్తి పద్దెనిమిదేళ్లు చేసిన పనే వినడం. కిటికీల్లేని విమానం. దాని పొట్ట కింద, రెక్కల కింద ముళ్లపందికున్నట్టు ఏరియల్స్. లోపల ఒక వరసలో పదిమంది, నెత్తికి హెడ్‌ఫోన్లు, చేతిలో పెన్సిలు, పక్కన తిరిగే టేపు. సరిహద్దుకు ఇవతలే ఆరేడు గంటలు ఆ చివరికీ ఈ చివరికీ తిరుగుతూ, అవతలివాళ్లు వైర్‌లెస్‌లో మాట్లాడుకునేది వినాలి, రాయాలి, దిగాక మరిచిపోవాలి. గద్వాల గల్లీల్లో ఉర్దూ మాట్లాడుతూ పెరిగిన పిల్లవాడని ఏరికోరి ఆయన్ను ఆ సీట్లో కూర్చోబెట్టారు. ఊళ్లో మాత్రం విమానాల స్టోర్సులో గుమాస్తానని చెప్పుకున్నాడు. నోట్లో నువ్వుగింజ నానని ఊళ్లో ఆయన మాత్రం ఇన్నేళ్లూ నానబెట్టాడు.

రిటైరై బూత్ పెట్టిన కొత్తలో ఆడవాళ్లు ఫోను పట్టుకుని, ఈయన ముఖం చూసి, "బాగున్న, నువ్వు బాగున్నవా" అని పెట్టేసేవాళ్లు. పాలమూరు కూలీల పెళ్లాలు మరి. మొగుడు బొంబాయిలో, పూనాలో, ఏడాదికోసారి కనబడతాడు. ఒకసారి కురుమూర్తికి చెవిపోటు వచ్చి దూది పెట్టుకుంటే, విమానాల మోతకు చెవులు పోయాయట అని ఎవరో పుట్టించారు. ఆ వారమే హన్మమ్మ అనే ఆమె మొగుడితో ఫోనులో కడుపునిండా మాట్లాడింది. ఏడ్చింది, తిట్టింది, నవ్వింది. అది చూశాక కురుమూర్తి ఆ దూది తియ్యలేకపోయాడు.

వినకుండా ఉండాలనే చూసేవాడు, పాపం. బస్సుల హారన్ల మీద మనసు పెట్టేవాడు. పద్దెనిమిదేళ్లు సానబట్టిన చెవి ఊరుకుంటుందా?

ఆ రోజు పది గంటలకు సరోజ వచ్చింది. ఇటిక్యాల పిల్ల, పెళ్లై రెండేళ్లు. భుజాన బట్టల సంచి. ఇటిక్యాలలో పక్కింటికి ఫోను చేసి తల్లిని పిలిపించుకుంది.

"అమ్మా, నాలుగింటికి బండెక్కుతున్నం. మల్లన్న మేస్త్రి గుంపుల. పూనాల రోడ్డు పనంట. నాకు మూడో నెలని ఆయనకు ఇంక చెప్పలేదే. చెప్తే నన్ను అత్త దగ్గరనే ఇడిచిపోతడు. నువ్వు గూడ చెప్పకు, నా మీద ఒట్టు."

కురుమూర్తి ఆ చివరనున్న బస్సు నంబరు ప్లేటు చదువుతూ కూర్చున్నాడు. సరోజ వెళ్తూ వెళ్తూ చెవిటాయనకు అర్థమయ్యేటట్టు చెయ్యి ఊపి నవ్వింది.

మధ్యాహ్నం మేస్త్రి మల్లన్న వచ్చాడు. మెడలో ఎర్ర రుమాలు, నోట్లో గుట్కా. అవతలి కాంట్రాక్టరుతో ఉర్దూలో మొదలుపెట్టాడు. ఫికర్ నక్కో, భయమేం లేదు, ఇక్కడున్నవాడు చెవిటోడే అని ముందే చెప్పి మరీ మాట్లాడాడు. పని రోడ్డు కాదు, కొండలో సొరంగం. పోయిన వారం కప్పు కూలి ఇద్దరు పోయారు. ఉన్నవాళ్లు రాత్రికి రాత్రి పారిపోయారు. ఇప్పుడు ఈ ఇరవై రెండు మందిని పూనా అని చెప్పి ఎక్కించి, నేరుగా అక్కడ దించుతాడు. "చేరినంక ఏడికి పోతరు?" అని నవ్వాడు.

ఫోను పెట్టి, చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టు ఏదో జోకు వేసి వెళ్లిపోయాడు.

ఇట్లాంటిది ఆయనకు రెండోసారి. ఒక చలికాలం, విమానంలో, అవతలివాళ్లు ఏ లోయలో మాటు వేశారో చెవులారా విన్నాడు. రాసిచ్చాడు. మూడోనాడు ఆ లోయ నుంచే మన జవాన్లను నలుగురిని శవాలుగా స్ట్రెచర్ల మీద తెచ్చారు. ఎందుకు ఆపలేదని అడిగితే పై అధికారి నెమ్మదిగానే చెప్పాడు: "దారి మారిస్తే మనం వింటున్నామని వాళ్లకు తెలిసిపోతుంది. రేపటి నుంచి ఒక్క ముక్క వినబడదు." ఆ నలుగురిలో ఒకడికి మీసం కూడా సరిగా రాలేదు.

ఇప్పుడూ అంతే కదా. నోరు విప్పితే ఆరేళ్లు తనను నమ్మి కడుపులోదంతా కక్కిన ఆడవాళ్లకు తెలిసిపోతుంది. విప్పకపోతే సరోజ సొరంగంలోకి పోతుంది. అడకత్తెరలో పోకచెక్క అయింది ఆయన బతుకు. మూడున్నర దాకా స్టూలు మీదే కూర్చున్నాడు. అన్నం గిన్నె మూత కూడా తియ్యలేదు.

బస్టాండు మూల డీసీఎం వ్యానులో జనం మూటలు ఎక్కిస్తున్నారు. కురుమూర్తి ఉరుకుతూ వెళ్లి వ్యాను వెనక తలుపు పట్టుకున్నాడు.

"దిగుండ్రి. పూనా గాదు, రోడ్డు గాదు. సొరంగం పని. పోయిన వారమే ఇద్దరు సచ్చిండ్రు ఆడ."

"ముసలోనికి మతి పోయింది" అన్నాడు మల్లన్న. ముఖం మాత్రం తేలు కుట్టిన దొంగలా అయింది.

"నీకెట్ల తెలుసు పెద్దాయనా?" అన్నాడు సరోజ మొగుడు.

"గీ మల్లన్న ఫోన్ల మాట్లాడంగ ఇన్న."

"నువ్వు చెవిటోనివి గదా?"

కురుమూర్తి చెవుల్లోంచి దూది తీసి అరచేతిలో చూపించాడు. "కాదు బిడ్డా."

జనం ఒక్కొక్కరే దిగారు. మల్లన్నను చుట్టుముట్టి నిలదీస్తే వాడు నీళ్లు నమిలాడు. అందరికంటే చివర దిగింది సరోజ. దిగుతూనే ఆగిపోయింది. పొద్దున మాట గుర్తొచ్చినట్టుంది, కొంగు కడుపు మీదికి లాక్కుంది.

"అయితే... నేను మా అమ్మతోని చెప్పింది గూడ ఇన్నవా?"

"ఇన్న తల్లీ."

"ఏం చెప్పినవే?" అన్నాడు మొగుడు. సరోజ తల వంచుకుని ఏడ్చేసింది. కురుమూర్తికి భూమిలోకి కుంగిపోవాలనిపించింది.

సందులోకి ఆయనకంటే ముందే కబురు చేరింది. అయిదింటికి హన్మమ్మ మొగుడి ఫోను వస్తే ఆమెను పిలిపించాడు. ఆమె కురుమూర్తి వైపు ఒకసారి చూసి, "బాగున్న. నువ్వు బాగున్నవా. ఉంట" అని పెట్టేసింది. ఆ మూడు ముక్కలు ఆయనకు చెంపదెబ్బల్లా తగిలాయి.

బూత్ షట్టరు సగం దించి పక్కనున్న దర్జీ దిల్షాద్ దగ్గరికి వెళ్లాడు. ఆమె మిషను ఆపింది.

"అరె భాయ్, మా ఆయనను ఫోన్ల నేను తిట్టిన తిట్లన్ని ఇన్నవా?"

"ఇన్న దిల్షాద్. తప్పైంది."

ఆమెకు నవ్వాలో తిట్టాలో తెలియలేదు. "ఏం కావాలె చెప్పు."

"ఫోను చుట్టు పర్ద కుట్టు. మందం గుడ్డ, రెండు పొరలు."

"గుడ్డకు మాట ఆగుతదా?"

"ఆగదు. నా మొఖమన్న కనబడదు గదా వాళ్లకు. నేను బయట రోడ్డు మీద కూసుంట."

దిల్షాద్ టేపు తీసుకుని వచ్చి కొలతలు రాసుకుంది. పొద్దున ఇస్తనంది.

ఇంట్లో కాళ్లు కడుక్కుని జరిగిందంతా జానకమ్మకు చెప్పాడు. విమానం సంగతి, లోయ సంగతి, ఆ నలుగురి సంగతి కూడా మొదటిసారి చెప్పాడు. ఆమె ఆయన చెయ్యి పట్టుకుంది. "ఇరవై రెండు పానాలు గాపాడినవ్. నాకు నువ్వంటే శానా గర్వమైతుంది" అంది. రెండు జొన్నరొట్టెలు తిన్నాడు. చాన్నాళ్లకు హాయిగా ఉందని చెప్పి పడుకున్నాడు. తెల్లారి జానకమ్మ లేపితే లేవలేదు. గుండె నిద్రలోనే ఆగిపోయిందని డాక్టరు చెప్పాడు.

సరోజ, ఆమె మొగుడు ఇటిక్యాల వెళ్లే బస్సు దిగి మరీ వచ్చారు. వ్యాను దిగిన వాళ్లంతా వచ్చారు. హన్మమ్మ అందరికంటే గట్టిగా ఏడ్చింది, ఎవరు వింటారో అని చూసుకోలేదు.

కబురు తెలియక పొద్దున్నే బూత్ దగ్గరికి వెళ్లిన దిల్షాద్, పక్క హోటలువాడు చెప్పగానే చేతిలోది షట్టరు తాళానికి తగిలించి పరుగెత్తింది. సాయంత్రానికీ అది అక్కడే ఉంది: రెండు పొరల ముదురు గోధుమరంగు గుడ్డ, పైన వరసగా కుట్టిన ఇత్తడి రింగులు, లోపలివాళ్ల పాదాలు మాత్రమే కనబడేటట్టు నేలకు జానెడు ఎత్తున మడిచిన అంచు.