వారం మారే రోజు

ఇన్సులిన్ పెట్టెలు ఫ్రిజ్‌లో సర్దుతూ వీరలక్ష్మి మళ్లీ గుమ్మం వైపు చూసింది. నరసింహమూర్తిగారు ఇంకా రాలేదు. సోమవారం పొద్దున్నే తాడేపల్లిగూడెం నుంచి పాసింజరులో వచ్చి, మెట్ల దగ్గర చెప్పులు దులుపుకొని లోపలికి అడుగుపెట్టే మనిషి. ఆలస్యమన్నది ఆయనకు తెలియదు.

ఏలూరులో ఆ ప్రైవేటు ఆసుపత్రి మందుల కొట్టుకి ఫార్మసిస్టులు ఇద్దరు. ఒక వారం ఆమె, ఒక వారం ఆయన. డ్యూటీ వారమంతా పొద్దున్నుంచి రాత్రి దాకా నిలబడి, మేడ మీద గదిలో పడుకోవాలి. సెలవు వారానికి జీతం లేదు. ఇదివరకు రోజువారీ షిఫ్టులున్నప్పుడు ఇద్దరికీ నెల జీతం వచ్చేది. పద్ధతి మారాక చాకిరీ ఏమంత తగ్గలేదు గానీ, జీతం సగమైంది. సెలవు వారం వీరలక్ష్మి కొల్లేటి పక్కన తన ఊరెళ్లి, భర్తతోపాటు చేపల చెరువుల మీద కూలికి పోయేది. ఫార్మసీ చదివిన కోడలు మేత బస్తా ఎత్తుతుంటే అత్తగారు చూడలేక లోపలికి వెళ్లిపోయేది.

మొన్న మేనేజరు హరీష్ ఆమెను పిలిచాడు. నెలంతా మీరొక్కరే చూసుకోండి, పూర్తి జీతమిస్తాం, పెద్దాయన్ని మాన్పించేస్తాం అన్నాడు. సోమవారం చెబుతానంది వీరలక్ష్మి. ఒప్పుకోవాలనే అనుకుంది. కూతుర్ని ఈ ఏడే హాస్టల్లో వేశారు. అయితే ఆ మాట మూర్తిగారికి తన నోటితోనే చెప్పాలనుకుంది. ఎలా మొదలుపెట్టాలో ఎన్నిసార్లు అనుకున్నా కుదరలేదు. ఇన్నేళ్లలో ఆయనతో మాట్లాడిందంతా తాళాలు చేతులు మారే ఆ కాసేపే.

కౌంటరు దగ్గర జనం పెరిగారు. పెదవేగి నుంచి వచ్చిన మంగాయమ్మ బీపీ బిళ్లలు చేతిలో పట్టుకుని కదలలేదు.

"మూర్తిగారు లేరాండీ? పొద్దుటి బిళ్లల మీద సూర్యుణ్ణి, రాత్రి వాటి మీద చంద్రుణ్ణి గీసిస్తారండి."

వీరలక్ష్మి పెన్ను తీసి గీసింది. చంద్రుడు వంకరపోయాడు.

మధ్యాహ్నానికి ఫోను కలిసింది. ఆయన భార్య చంద్రకళ మాట్లాడింది.

"స్టేషనుకి బయల్దేరదామని చొక్కా వేసుకుంటూ మంచం మీద కూర్చున్నారమ్మా. మరి లేవలేదు. నీకు కబురు చేయాలని తోచలేదు. ఇంటికెళ్లాల్సినదానివి, ఆగిపోయావు. ఏమనుకోకమ్మా" అంది.

ఎవరో చీటీ చాపితే వీరలక్ష్మి అందుకుని మందులిచ్చింది.

సాయంత్రం హరీష్ వచ్చి పాపం అన్నాడు. ఇక ఆలోచించేదేముంది, ఈ వారం నుంచే మొత్తం మీరే చూసుకోండన్నాడు.

"ఈ వారం ఆయనదండి," అంది వీరలక్ష్మి. "నేను చేస్తాను. ఈ వారం జీతం మాత్రం వాళ్లింటికి పంపించండి."

పైవాళ్లనడగాలన్నాడు హరీష్. అడగండి అంది. ఆ తర్వాత ఉద్యోగం ఆమే తీసుకుంటుందని ఇద్దరికీ తెలుసు. కొత్తగా మాట్లాడుకోవాల్సిందేమీ లేదు.

అతను వెళ్లాక ఫ్రిజ్ వెనక లైటు స్విచ్చి కోసం చెయ్యి పెడితే వేళ్లకు ఉన్ని తగిలింది. ఏసీ చలికి తట్టుకోలేక మూర్తిగారు పెట్టుకునే మంకీ క్యాపు. మేకుకు వేలాడుతూ, చెవుల దగ్గర ఇంకా ఆయన తల ఆకారంలోనే ఉబ్బి ఉంది.