యాభై ఐదు నిండిన ఆడవాళ్ళు

మొగిలి ఎవరినీ తొందరగా క్షమించడు. నిదానంగా కూడా క్షమించడు. పాతికేళ్ళ కింద పొలం గట్టు జరిపిన పాలివాడు చనిపోతే చావుకు వెళ్ళి కట్టె వేసి వచ్చాడు గానీ, గట్టు సంగతి మరచిపోలేదు. భార్య నీలమ్మ ఉన్నన్నాళ్ళూ ఆ పంతాన్ని కాస్త పలచన చేసేది. ఆమె కూడా పోయింది.

నానక్‌రామ్‌గూడలో ఒక కంప్యూటర్ కంపెనీ గేటు దగ్గర మొగిలి కాపలా. నీలమ్మ అదే కంపెనీలో నేల తుడిచేది. ఆ కంపెనీకి సొంత పింఛను ఉంది. ప్రతి నెలా జీతంలోంచి కొంత పట్టుకుని, ఆడవాళ్ళకు యాభై ఐదు, మగవాళ్ళకు అరవై నిండితే నెలనెలా ఇస్తారు. నీలమ్మకు మోకాళ్ళు అరిగాయి. ఆ యాభై ఐదు ఎప్పుడు నిండుతాయా అని కళ్ళలో ఒత్తులేసుకుని చూసింది.

నిండాయి. పని మానేసింది. చీపుళ్ళు పెట్టుకునే గదిలో తోటి ఆడవాళ్ళు ఆమెను, ఆమె ఈడుదే అయిన యాదమ్మను పీటల మీద కూర్చోబెట్టి, పసుపు రాసి, బొట్టు పెట్టి, ఒడిబియ్యం పోశారు. పుట్టింటివాళ్ళు ఆడబిడ్డను సాగనంపుతూ పోసే బియ్యం అది. కంపెనీ పుట్టిల్లు ఎట్లా అయిందని ఎవరూ అడగలేదు. బియ్యం పోసింది పార్వతమ్మ, అక్కడి ఆడవాళ్ళకు పెద్దదిక్కు. ఎవరో ఫోటో కూడా తీశారు. నీలమ్మ ఆ బియ్యం వండి వాడకట్టు అందరికీ పెట్టింది. పని మానినట్టు ఊరంతా చాటినట్టే.

మరుసటి నెల పింఛను రాలేదు. వెళ్ళి అడిగితే వయసు మారిందన్నారు. నీలమ్మ వయసు కాదు, పింఛను వయసు. ఆడా మగా సమానమని కంపెనీకి తోచిందట. ఇకమీదట ఆడవాళ్ళకూ అరవైయే. జీతం కూడా మగవాళ్ళతో సమానంగా ఇవ్వాలని మాత్రం ఇంకా తోచలేదు.

ముందే చెప్పామన్నారు. చెప్పిన మాట నిజమే. తెలంగాణ బంద్ నాడు, బస్సులు తిరగని పూట, క్యాంటీన్లో సభ పెట్టి చదివి వినిపించారు. ఆ పూట ఆడవాళ్ళందరూ గచ్చిబౌలి చౌరస్తాలో నడిరోడ్డు మీద పొయ్యిలు పెట్టి వంటావార్పు చేస్తున్నారు. నీలమ్మ పప్పుకు పోపు వేస్తోంది. క్యాంటీన్లో కుర్చీలు విన్నాయి.

సంగతి తెలిసిన వారానికే యాదమ్మ మళ్ళీ చీపురు పట్టింది. నీలమ్మ పట్టలేదు. ఒడిబియ్యం వండుకుని తిన్నాక అదే గడపకు ఏ మొహం పెట్టుకుని పోవాలంది. మొగిలి పొమ్మనలేదు, వద్దనలేదు. ఆమె మూసాపేటలో కడుతున్న ఇళ్ళ దగ్గర కూలికి కుదిరింది. మోకాళ్ళు అరిగిన మనిషి మెట్లెక్కి ఇసుక మోసింది. మరుసటి ఎండాకాలం వడదెబ్బ తగిలింది. దవాఖానకు తీసుకుపోతే పెద్ద డాక్టరు సెలవులో ఉన్నాడు. ఆయన వచ్చేదాకా ఆమె ఆగలేదు.

ఆ ఏడే సకల జనుల సమ్మె వచ్చింది. తెలంగాణ అంతా రాష్ట్రం అడుగుతుంటే మనం అడిగితే తప్పేమిటని ఆడవాళ్ళకూ అనిపించింది. చెప్పకుండా వయసు మార్చినందుకు పరిహారం కావాలన్నారు. కార్మిక సంఘం నాయకుడు ఆంజనేయులు ముందు నడిచాడు. నీలమ్మ తరఫున మొగిలి చర్చలకు కూర్చున్నాడు. ఆయన కోరింది ఒక్కటే, అన్యాయం జరిగినవాళ్ళలో నీలమ్మ ఉందని కంపెనీ ఒప్పుకోవాలి.

కంపెనీ తరఫున జయలక్ష్మి అనే అధికారి వచ్చింది. మర్యాద తెలిసిన మనిషి. చక్కెర ఎంత వేయమంటారని ఒక్కొక్కరినీ అడిగి టీ ఇప్పించింది. ఆ తరువాత, బంద్ పెట్టింది కంపెనీ కాదు గనుక పరిహారం బంద్ పెట్టినవాళ్ళనే అడగడం న్యాయమంది. తెలంగాణ వస్తే ఇదంతా ఒక్క సంతకంతో తేలిపోతుందని ఆంజనేయులు అన్నాడు.

"గా తెలంగాణ వచ్చేసరికి మాకు అరవై నిండుతయ్ తియ్యే అన్నా," అంది పార్వతమ్మ.

అందరూ నవ్వారు. జయలక్ష్మి కూడా నవ్వింది. ఆ నవ్వు మీదనే నీలమ్మ సంగతికి వచ్చింది.

"ఆవిడకు తెలియకపోవడం ఏంటండీ? సభ పెట్టిన రోజు మీరు డ్యూటీలోనే ఉన్నారుగా?"

"నేను గేటు కాడున్న మేడం."

"గేటు కూడా కంపెనీదేగా అండీ."

మొగిలి టీ గ్లాసు కింద పెట్టాడు. గేటు కంపెనీదే.

యాదమ్మ తిరిగి వచ్చింది గనుక ఆమెకు నష్టం లేదట. నీలమ్మ తిరిగి రాలేదు గనుక తన ఇష్టంతో మానుకున్నట్టట. పైగా ఫోటోలో నవ్వుతోంది. వచ్చినవాళ్ళకు నష్టం లేదు, రానివాళ్ళకు హక్కు లేదు. ఇక పరిహారం ఎవరికివ్వాలో మీరే చెప్పండని జయలక్ష్మి అడిగింది. వెటకారం కాదు, నిజంగానే అడిగింది.

పొద్దు వాలేసరికి రాజీ కుదిరింది. ఇప్పుడు పనిలో ఉన్న ఆడవాళ్ళకు కంపెనీ దయతలచి ఒకసారికి కొంత ఇస్తుంది. పోయినవాళ్ళ ఊసు ఎత్తకూడదు. ఎత్తితే ఎవరికీ లేదు. సమ్మతమైతే చేతులెత్తాలి.

తనకు రావలసింది ఏమీ లేకపోయినా ఆంజనేయులు అందరికంటే ముందు ఎత్తాడు. యాదమ్మ కిందికి చూస్తూ ఎత్తింది. పార్వతమ్మ చాలాసేపు కొంగు సర్దుకుంది.

"బిడ్డ కాన్పుకచ్చింది బావా," అంది.

"నిన్నేమన్న అన్ననా?" అన్నాడు మొగిలి.

ఆమె చెయ్యెత్తింది.

డబ్బు అందిన మరునాడు పార్వతమ్మ, యాదమ్మ మొగిలి గదికి వచ్చారు. ఆయన పొయ్యి మీది అన్నం దించి, మంచం వాల్చి, నీళ్ళిచ్చాడు. పార్వతమ్మ రుమాలు మూట ఒకటి మంచం మీద పెట్టింది.

"తలా ఇంత తీసినం. నీలమ్మక్క పాలు."

"గిది మీ పాలు. ఆమె పాలు కంపెనీ కాడనే ఉన్నది."

"వాళ్ళియ్యరు గద బావా."

"ఇయ్యకుంటే వాళ్ళ మీదనే ఉంటది. మీరిస్తే వాళ్ళిచ్చినట్టయితది."

యాదమ్మ ఏడుపు ఆపుకుంటూ, తప్పయింది, జర మనసుల పెట్టుకోకు అంది.

"నీళ్ళు తాగుర్రి," అన్నాడు మొగిలి.

తాగారు. మూట తీసుకుని బయటికి వచ్చారు. వెనక్కి పిలుస్తాడేమోనని కాసేపు వాకిట్లో నిలబడ్డారు. పిలవలేదు. అక్కడే మూట విప్పి, ఎవరిది ఎంతో గుర్తు చేసుకోబోయారు. కుదరలేదు. నువ్వు వేసింది తక్కువ, నేను వేసింది ఎక్కువని గొంతులు లేచాయి.

మొగిలి లోపలి నుంచి అంతా విన్నాడు. లేచి తలుపు దగ్గరికి వేసి, కంచం ముందేసుకున్నాడు.