కంటిపాపకు ఆధారం

నిఘంటువు కార్యాలయంలో పదకొండేళ్లుగా ‘క’ అక్షరంతో కాపురం చేస్తున్న ఆమెకు ఆ ఉదయం అరికాలి మంట నెత్తికెక్కింది. ‘కంటిపాప’ కింద తను రాసిందంతా ప్రధాన సంపాదకుడైన పెద్దాయన ఎర్ర పెన్నుతో అడ్డంగా కొట్టేసి, పక్కన ‘పుట్టుక తెలియదు’ అని రాసి పంపారు. సాయంత్రానికి ఆ పేజీ అచ్చుకు పోతుంది.

తెలియకపోవడమేమిటి? ఆమెకు ఏడేళ్ల వయసులోనే తెలుసు. అమ్మమ్మ కంట్లో మందు చుక్కలు వేయడం ఇంట్లో ఆమె పని. ఒకరోజు రెప్ప పైకెత్తి వంగి చూస్తే నల్లగుడ్డులో గింజంత పిల్ల కనిపించింది. హడలిపోయి సీసా కింద పడేసింది. అమ్మమ్మ పడీ పడీ నవ్వి, అది నువ్వేనే పిచ్చిదానా, దగ్గరకొచ్చి ఎవరు చూస్తే వాళ్లే అందులో పాపంత అయి కూర్చుంటారు, అందుకే దాన్ని పాప అన్నారు అని చెప్పింది. ఆవిడ పోయి మూడేళ్లయింది. ఆవిడ మాట అంటూ లోకంలో అచ్చయ్యేది ఏదైనా ఉంటే ఈ ఒక్క ముక్కే. అందుకే చివర ‘ఆధారం: అమ్మమ్మ’ అని రాసుకుంది.

విసురుగా పెద్దాయన గదిలోకి వెళ్లింది. ఆయన ఎప్పటిలాగే తల ఎత్తలేదు. నలభై సంపుటాలు తిరగేశానని, ఎక్కడా లేదని, ముసలమ్మ కబుర్లు ఆధారం కావని ముందున్న కాగితాలకు చెప్పినట్టు చెప్పారు. నలభై పుస్తకాలు తిరగేసిన మనిషికి ఎదుటి మనిషి కళ్లలోకి ఒక్కసారి చూద్దామని తోచలేదు. ఇంతకన్నా సిగ్గుచేటు ఉంటుందా? ఆమె ఆ కాగితాలను పక్కకు నెట్టి బల్ల మీదికి వంగింది.

“నా కంట్లోకి చూడండి సార్.”

ఆయన కంగారుపడి, కళ్లజోడు సర్దుకుని చూశారు.

“ఉన్నాను,” అన్నారు మెల్లగా.

తర్వాత పెన్ను తీసి, కొట్టేసిందంతా పొల్లు పోకుండా మళ్లీ రాశారు. ఆమెకు ప్రాణం లేచొచ్చింది. కానీ ఆ మహానుభావుడు చివర్లో ‘ఆధారం: ప్రధాన సంపాదకుని స్వయం పరిశీలన’ అని పెట్టి, తృప్తిగా మూత బిగించారు. అర నిమిషం చూసినందుకే సొంతదారుడైపోయారు.

“అందులో కనిపించింది మీరే సార్, కాదనను. చూడమని చెప్పింది మాత్రం మా అమ్మమ్మ.”

ఆమె ఆయన చేతిలోంచి ఎర్ర పెన్ను తీసుకుని, ఆ చివరి వరుస కొట్టేసి, ‘అమ్మమ్మ’ అని గుండ్రంగా రాసింది. పేజీని ఎవరికీ ఇవ్వకుండా తనే అచ్చుగదికి పట్టుకెళ్లింది.