వానకీ వరదకీ మధ్య

మూడు గంటలకు ఊరంతా బద్దాయన అని పిలిచే కాపలాదారు వాగులోకి దిగి కొలబద్ద చూశాడు. నీరు మోకాటికి దిగువనే ఉంది. గట్టెక్కి, కాపలా గదిలో ముక్కాలి పీట మీదున్న పుస్తకంలో అంకె వేశాడు. ముప్పై ఏళ్లుగా ఇదే పని. వాగు మీద వరదొస్తే మునిగే పల్లపు వంతెన, దానికి అటొకటి ఇటొకటి ఇనప గొలుసులు. కొండ మీద వాన పడితే, వరద వంతెన దాకా వచ్చేలోపు రెండు గొలుసులూ కట్టి బళ్లను ఆపాలి. అంతే ఉద్యోగం. వినడానికి ఎంత తేలికో.

కొండ మీద వాన కొలిచేది ఆయన అక్క. చినుకు రాలగానే ఫోను చేస్తుంది. వాన పడ్డ టైము ఒక గడిలో, నీళ్లు వచ్చిన టైము పక్క గడిలో రాయడం ఈయన వంతు. ఒకప్పుడు ఆ రెంటికీ మధ్య మూడు గంటలుండేవి. వాలుకు అడ్డంగా రాతికట్టలు, కట్టల వెంబడి గడ్డి, పైన చెట్లు. నీళ్లు ఆగి, ఇంకి, తీరిగ్గా దిగేవి. ఈయన భోంచేసి, ఓ కునుకు తీసి మరీ గొలుసు కట్టేవాడు. తర్వాత చెట్లు కొట్టేశారు. ట్రాక్టరుకు అడ్డమని కట్టలు పీకేశారు. పైనుంచి కిందకి నిలువునా దున్నారు. పుస్తకంలో మూడు గంటలు రెండయ్యాయి, పోయిన నెలకి గంటా ఇరవై నిమిషాలయింది.

వాన పడగానే గొలుసు కట్టనివ్వండని ఆఫీసుకి మూడుసార్లు రాశాడు. "ఆఫీసు పట్టికలో వరదకి మూడు గంటలని ఉంది కదయ్యా. రెండు గంటలయ్యాక కట్టు. ఊరికే బళ్లాపితే జనం మామీద పడతారు," అని ఇంజనీరు చేతులు దులుపుకున్నాడు. అప్పట్నుంచి మబ్బు పడితే చాలు, ఈయనకి అన్నం సయించదు.

మూడూ పదికి ఫోను మోగింది.

"తమ్ముడూ, గట్టిగా కొడుతోందిరా. చాళ్లలో నీళ్లు ఎర్రగా పరిగెడుతున్నాయి."

"పైన ఇంకేమైనా దున్నారా అక్కా?"

"మిగిలిన వాలు కూడా నిన్న దున్నేశారు. నీకు చెబుదామనే అనుకున్నా."

ఇక్కడ చూస్తే ఎండ కాస్తోంది. గడిలో 3-10 అని వేశాడు. గంటా ఇరవై అంటే నాలుగున్నర. కొత్తగా దున్నినందుకు ఇంకో పది నిమిషాలు తీసేసినా నాలుగూ ఇరవై. మిల్లు ఆడవాళ్ల బస్సు నాలుగు కాకముందే అవతలినుంచి వస్తుంది. అది దాటాక కట్టొచ్చు. కట్టొచ్చా? కాలుగాలిన పిల్లిలా గది చుట్టూ తిరిగాడు. టీ పోసుకున్నాడు, తాగలేదు. పట్టిక తప్పని అందరి దగ్గరా మొత్తుకున్న మనిషి, తన పుస్తకాన్ని మాత్రం నమ్మాడు. అరగంట అలాగే పోయింది.

చివరికి ఉండబట్టలేకపోయాడు. ఉద్యోగం పోతే పోయిందనుకుని వంతెన దాటి, బస్సు వచ్చే వైపు గొలుసు ముందు తగిలించాడు. కాసేపట్లోనే బస్సు వచ్చి ఆగింది.

డ్రైవరు తల బయటపెట్టాడు. "ఇంత ఎండలో గొలుసేంటి బాబాయ్? మా మీద ఏమైనా కోపమా?"

"కాస్త ఓపిక పట్టు నాయనా. అక్క ఫోను చేసింది. ఆ రెండోది కూడా కట్టొస్తా."

లోపల ఆడవాళ్లు నవ్వారు. ఎవరో ఇంట్లో పొయ్యి వెలిగించేదెప్పుడని గొణిగారు. ఆయన గబగబా వెనక్కి నడిచాడు. వంతెన సగానికి వచ్చాక ఒకసారి ఆగి, ఎగువకి చూశాడు. అప్పుడు టైము మూడూ యాభై. వంపు తిరిగి వచ్చిన నీళ్లు కొండ మట్టితో ఎర్రగా ఉన్నాయి. ఆ తర్వాత వంతెన కనిపించలేదు. ఆయనా కనిపించలేదు.

వరద వచ్చినంత తొందరగానే తీసింది. గంటన్నరకి డ్రైవరు గొలుసు కిందనుంచి దూరి, బురదలో నడుస్తూ అవతలికి చేరాడు. గదిలో ఫోను మోగుతూనే ఉంది.

"తమ్ముడూ, నీళ్లు వచ్చాయా? ఎంతసేపు పట్టింది?"

"వచ్చాయమ్మా," అన్నాడు డ్రైవరు. "మా బస్సు ఆగింది. నలభై మందిమి ఉన్నాం."

పీట మీద పుస్తకం తెరిచే ఉంది. వాన గడిలో 3-10. పక్క గడి ఖాళీగా ఉంది, దాని మీద మూత తీసిన పెన్ను.