బొట్టు పెట్టిన డిస్కు

నేను ఒక అసలు సరుకుని. నా తిప్పలన్నీ అందువల్లే వచ్చాయి. నకిలీగా పుట్టి ఉంటే సుఖపడేదాన్ని.

అరచేతంత గుండ్రటి బిళ్ళని. మధ్యలో చిల్లు, ఒక పక్క బొమ్మ, రెండో పక్క అద్దంలాంటి మెరుపు. వీడియో గేమ్ డిస్కు అంటారు. జపానులో ఒక ఫ్యాక్టరీలో పుట్టాను. ప్లాస్టిక్ గింజల్ని కరిగించి, అచ్చులో నొక్కి, వెండిరంగు పూత పూసి, నాలో ఒక సముద్రాన్ని దాచారు. దాని మీద ఒక పడవ. పడవలో వల. నీళ్ళలో రకరకాల చేపలు. తుఫాను కూడా ఉంది, కాకపోతే అందులో ఎవరూ చావరు. మనుషులు చేసిన సముద్రం కదా, ఆ మాత్రం దయ ఉంటుంది.

అక్కడితో ఆగితే బాగుండేది. ఆగలేదు. నాలో ఇద్దరు కాపలావాళ్ళను కూడా కూర్చోబెట్టారు. మొదటివాడి పని, నన్ను ఏ దేశం మిషన్‌లో పెట్టారో చూడటం. మా కంపెనీవారు ప్రపంచాన్ని గుమ్మడికాయలా ముక్కలు కోసుకున్నారు. ఒక ముక్కలో అమ్మిన డిస్కు ఇంకో ముక్కలో అమ్మిన మిషన్‌లో ఆడకూడదు. ఎందుకయ్యా అంటే, అక్కడి ధర వేరు, ఇక్కడి ధర వేరు అంటారు. రెండోవాడి పని, మిషన్‌ని ఎవరైనా విప్పి మార్చారేమో వాసన చూడటం. ఇద్దర్నీ దొంగల కోసమే పెట్టారు. నా బతుకులో వాళ్ళు ఒక్క దొంగనీ పట్టుకోలేదు.

నన్ను కొన్నవాడు తాతారావు. సరుకుల ఓడలో వంటవాడు. యొకొహామా రేవులో ఓడ ఆగినప్పుడు దుకాణంలోకి వచ్చాడు. అట్ట మీద పడవనీ వలనీ చూశాక ఇక వేరే డిస్కు ముట్టుకోలేదు. “మా అప్పకి ఇదే కావాల,” అన్నాడు బల్ల దగ్గరున్న అమ్మాయితో, తెలుగులోనే. ఆమె వంగి నమస్కరించింది. పూర్తి ధర తీసుకుంది. మీ మిషన్ ఏ దేశానిదని అడగలేదు. డబ్బు తీసుకునేటప్పుడు మనుషులు ఏమీ అడగరు.

అప్ప అంటే అక్క. ఆమె పేరు బంగారమ్మ. భీమిలి దాటాక, సముద్రపు ఒడ్డున గెడ్డపేట అనే పల్లెలో ఎండుచేపలు అమ్ముతుంది. ఆమె మొగుడు దానయ్య పేరున్న వేటగాడు. నీళ్ళ రంగు చూసి అడుగున ఏ చేప ఉందో చెప్పేవాడట. ఒకనాడు వలతాడు చుట్టే మరలో అతని కుడిచెయ్యి పడింది. వేళ్ళు పోయాయి. దానయ్య ఏడవలేదు. సముద్రం మీద అలిగాడు. కుర్చీ పెరట్లో వేసుకుని, సముద్రానికి వీపు పెట్టి, గోడ చూస్తూ కూర్చున్నాడు. తినమంటే తినేవాడు. పడుకోమంటే పడుకునేవాడు. ఇటు తిరగమంటే మాత్రం తిరిగేవాడు కాడు.

బంగారమ్మకి కావలసింది ఒక్కటే. ఆ కుర్చీ ఇటు తిరగాలి. టీవీలో చేపలవేట ఆడించే మిషన్లు ఉంటాయని తమ్ముడు చెబితే, ఎండుచేపల డబ్బు కొంగున మూటగట్టి తెచ్చి అతని చేతిలో పెట్టింది. తాతారావు మిషన్‌ని ముందుగా దుబాయిలో కొన్నాడు. నన్ను జపానులో కొన్నాడు. మేమిద్దరం ఒకే కంపెనీ బిడ్డలం. ఒకరి మొహం ఒకరు చూడకూడని బిడ్డలం. ఆ సంగతి ఇంట్లో ఎవరికీ తెలియదు.

బంగారమ్మ నన్ను అట్టతో సహా తీసుకెళ్ళి మొగుడి ఒళ్ళో పడేసింది.

“ఏటిది?”

“పడవ.”

“ఇంతేటి?”

“ఇంతే. డీజిలక్కర్లేదు గదా, సంతోసించు.”

దానయ్య అట్ట మీది బొమ్మని కళ్ళకి దగ్గరగా పెట్టుకున్నాడు. “వల కట్టడం రాదు ఎదవలకి,” అన్నాడు. బంగారమ్మ మొహం వెలిగింది. ఆ మనిషి తప్పు పట్టాడంటే మనసు పడ్డాడని అర్థం. పెళ్ళిచూపుల్లో ఆమె నడకకి కూడా వంక పెట్టాడట.

దానయ్య లేచి ఇంట్లోకి వచ్చాడు. తాతారావు నన్ను మిషన్‌లో పెట్టబోయాడు.

“ఆగొరే! కొత్త వల నీటిలో ఎయ్యకముందు పసుపు రాయరేటి? బొట్టెట్టరేటి? ఓడెక్కీసి అన్నీ మరిసిపోనావా?”

“బావా, ఇది వల కాదు…”

“సేపలు పడతాదా, పడదా?”

“పడతాది.”

“మరి వల కాకపోతే ఏటి?”

తాతారావు ప్రపంచంలో సగం రేవులు చూశాడు గానీ, ఈ ప్రశ్నకి జవాబు ఎక్కడా దొరకలేదు. కొబ్బరికాయ కొట్టారు. దానయ్య ఎడమచేత్తో నన్ను పట్టుకుని అటూ ఇటూ తిప్పాడు. బొమ్మ ఉన్నది వీపు అనుకున్నాడు, మెరిసేది మొహం అనుకున్నాడు. బొట్టు మొహానికే కదా పెట్టేది. గంగమ్మ తల్లిని తలుచుకుని నా మెరుపు నిండా పసుపు పూసి, చిల్లు పక్కన కుంకుమ దిద్దాడు. నా చదువంతా ఆ పక్కనే ఉంది. అయినా నేను ఏమీ అనుకోలేదు. పుట్టాక నన్ను ఎవరైనా గౌరవించడం అదే మొదలు.

మిషన్ నన్ను మింగింది. తిప్పింది. టీవీ మీద రెండు ముక్కలు ఇంగ్లీషులో రాసి ఊరుకుంది.

“ఏటంటంది?” అన్నాడు దానయ్య.

తాతారావు కూడబలుక్కుని చదివాడు. “సరైన డిస్కు పెట్టండి అంటంది బావా.”

“నీ బొట్టు వల్లే!” అంది బంగారమ్మ.

దానయ్య తెర మీది అక్షరాల్ని చూశాడు. అవి అతనికి చదవడం రాదు. కానీ ఎవరో తనని పొమ్మంటున్నారని తెలిసింది. “గంగమ్మ నన్నొద్దంది,” అన్నాడు. కుర్చీ ఎత్తుకుని పెరట్లోకి పోయాడు. ఈసారి గోడకి ఇంకొంచెం దగ్గరగా వేసుకున్నాడు.

చూశారా, ఎక్కడో చల్లటి గదిలో కూర్చున్నవాడు ధరలు కాపాడుకోవడానికి గీత గీస్తే, ఆ పాపం వెళ్ళి గంగమ్మ నెత్తిన పడింది.

బంగారమ్మ నన్ను కుంకుడురసంతో కడిగింది. చీరచెంగుతో తుడిచింది. చిల్లు అంచున అంటిన కుంకుమ మాత్రం పోలేదు. మళ్ళీ మిషన్‌లో పెట్టారు. మళ్ళీ అదే మాట. అంటే తప్పు బొట్టుది కాదు. ఆమె పెరట్లోకి పరుగెత్తి ఆ సంగతి చెబితే, “కడిగితే పోద్దేటే అమ్మోరి మాట?” అన్నాడు దానయ్య గోడతో.

మర్నాడు అక్కా తమ్ముడూ మిషన్‌నీ నన్నూ సంచిలో వేసుకుని విశాఖపట్నం బస్సెక్కారు. అక్కడ ఒక సందులో సన్యాసిరావు అనే మెకానిక్కు ఉన్నాడు. నన్ను వెలుతురుకి ఎత్తి చూసి, ముక్కు దగ్గర పెట్టుకున్నాడు.

“కుంకుడుకాయ వాసనొస్తంది. తలంటినారేటి దీనికి?”

“ముందు రోగం సెప్పు,” అంది బంగారమ్మ.

“రోగం లేదు. ఇది జపాను డిస్కు. మిషను దుబాయిది. దాని మీద ఇది ఆడదు.”

“ఎందుకాడదు? డిస్కు విరిగిందా?”

“బాగుంది.”

“మిషను పాడైందా?”

“అదీ బాగుంది. కలవకూడదని ఆల్లే తాళమేసినారు.”

“అక్కడి సేప ఇక్కడికొత్తే ఎవుడైనా సముద్రంలో ఆపుతున్నాడేటి, నీ ఊరేటని?”

“నన్నడిగితే ఎలగమ్మా? ఆ కంపినీవోడ్ని అడుగు.”

సన్యాసిరావు దగ్గర మందుంది. మిషన్ విప్పి, లోపల గోరంత చిప్ ఒకటి అతికించాడు. దానితో మిషన్ ఏ దేశం డిస్కునైనా నమ్ముతుందన్నాడు. నిజమే. మొదటి కాపలావాడు తప్పుకున్నాడు. టీవీలో సముద్రం వచ్చింది, నీలంగా. బంగారమ్మ రెండు చేతులూ జోడించింది. అప్పుడు లేచాడు రెండోవాడు. సముద్రం మాయమైంది. తెరంతా ఎర్రగా అయిపోయి, నా దేశపు అక్షరాలు వచ్చాయి.

“ఇప్పుడేటంటంది?”

సన్యాసిరావు పగలబడి నవ్వాడు. “ఇలాటివి సూసేనమ్మా. మిషను మార్చీసినారు, దొంగపని చేసినారు, ఆపీయండి అంటంది.”

బంగారమ్మ బల్ల మీద చెయ్యి వేసి కొట్టింది. “ఎవులే దొంగ? ఎండలో సేపలెండబెట్టి, ఆ డబ్బుతో కొన్నాను నిన్ను! కొన్నోల్ని దొంగంటావేటే, మాయదారి ముండా!”

ఆ తిట్టు నాకు తగలవలసింది కాదు. కానీ దాన్ని మోసుకెళ్ళి అందవలసినవాళ్ళకి అందించడానికి నాకు కాళ్ళు లేవు.

సన్యాసిరావు సొరుగు లాగి ఒక తెల్లటి డిస్కు తీశాడు. బొమ్మ లేదు, అట్ట లేదు. పైన స్కెచ్ పెన్నుతో చేప బొమ్మ గీసి ఉంది, అదీ వంకరగా. మిషన్‌లో పెట్టాడు. ఏ ప్రశ్నా లేకుండా సముద్రం వచ్చింది, పడవ వచ్చింది. అది నా సముద్రమే, నా పడవే. కాపలావాళ్ళిద్దర్నీ ఎవరో ముందే పీకేశారు.

“ఇది దొంగది. రెండు ఇడ్లీల ఖరీదు. అసలుదానికన్నా ఇదే మంచిదమ్మా.”

తాతారావు చెయ్యి చాచాడు. బంగారమ్మ ఆపింది. గెడ్డపేటలో ఒకరి వలలో చేప ఇంకొకరు ఎత్తితే కులపెద్దలు జరిమానా వేస్తారు. అది కట్టినా ఆ మనిషి మళ్ళీ రచ్చబండ దగ్గర తలెత్తి మాట్లాడలేడు. దానయ్య ఇంట్లో ఇప్పటిదాకా అలాంటి చేప ఉడకలేదు.

ఆమె నన్ను చూసింది, ఆ తెల్లదాన్ని చూసింది. “నా వల్లో పడ్డ సేపని ఎవుడో తలుపెనక దాసినాడు. దాన్ని తెచ్చుకుంటే దొంగతనం కాదు,” అంది. “ఇయ్యి. రెండూ పట్టికెల్తాం. కొన్నది కళ్ళెదురుగుండాల.”

ఇంటికి రాగానే నేరుగా పెరట్లోకి వెళ్ళింది.

“మావా, గంగమ్మ కాదు. కంపినీవోడు.”

“కంపినీవోడికి నా మీద కోపమేటి?”

“నీ మీద కాదంట. దొంగల మీదంట.”

“మరి దొంగలో?”

“ఆల్లు హాయిగా ఆడుకుంటన్నారంట.”

దానయ్య భుజాలు కదిలాయి. దగ్గనుకుంది బంగారమ్మ. నవ్వు. చాలా కాలంగా వాడక తుప్పు పట్టి, దగ్గులా వచ్చింది.

“అమ్మోరు ఒద్దనలేదేటి అయితే?”

“నీళ్ళు మూసేత్తాదేటి అమ్మోరు? మనుసులు మూసినారు.”

దానయ్య లోపలికి వచ్చాడు. బంగారమ్మ తెల్లదానికి బొట్టు పెట్టబోతే ఒప్పుకోలేదు. “సొమ్మెట్టింది దీనికి. బొట్టూ దీనికే,” అని నాకు మళ్ళీ కుంకుమ దిద్ది టీవీ మీద నిలబెట్టాడు. గర్భగుడిలో దేవుడు కదలడు, ఊరేగేది ఉత్సవ విగ్రహం. మా ఇద్దరికీ పని అలా పంచాడు. ఊరేగింపులో ఉన్నవాడికే గాలీ వెలుతురూ అని గుళ్ళో దేవుడికి తెలుసో లేదో గానీ, నాకు తెలిసింది.

ఆట మొదలైంది. ఒక చిక్కు వచ్చింది. పడవ నడపడానికి ఒక చెయ్యి, వల వెయ్యడానికి ఒక చెయ్యి కావాలి. దానయ్యకి పనికొచ్చేది ఒక్కటే. పడవ ముందుకు పోతోంది, నీళ్ళలో చేపలు మెరుస్తున్నాయి, వల కదలడం లేదు. బావమరిది వైపు చూశాడు. తాతారావు అప్పటికే వంటింట్లో చేపలపులుసు మీద పడ్డాడు. పక్కన బంగారమ్మ ఉంది.

గెడ్డపేటలో ఆడది పడవ ఎక్కదు. వల అల్లుతుంది, చేప మోస్తుంది, అమ్ముతుంది, పడవకి దణ్ణం పెడుతుంది. ఎక్కదు. ఇలాంటి గీతలు కంపెనీవాళ్ళే గీస్తారని అనుకునేదాన్ని అప్పటిదాకా.

దానయ్య తెరని చూశాడు. చేపల మంద దాటిపోతోంది.

“ఎక్కవే,” అన్నాడు.

“ఏటి?”

“ఎక్కీ అంటన్నాను! నాను నడుపుతాను. ఎయ్యమన్నప్పుడు ఎయ్యి, లాగమన్నప్పుడు లాగు.”

బంగారమ్మ కూర్చుంది. చీర సర్దుకుంది, నిజంగా తడుస్తుందేమో అన్నట్టు. వల వేసింది. దానయ్య లాగమనకముందే లాగింది. చేపలన్నీ జారిపోయాయి.

“తొందరేటే! కుండలో అన్నమనుకున్నావా?”

“నువ్వు పడవ వొంకరగా తిప్పితే నానేటి సేత్తాను?”

“నాను వొంకరా? ఈ సముద్రంలో నాకు వొంక పెట్టినోడు పుట్టలేదు!”

ఆ రోజు వాళ్ళు పట్టిన చేపలు తక్కువ, తిట్టుకున్న తిట్లు ఎక్కువ. టీవీ మీద నిలబడి అన్నీ విన్నాను. ఒక్క చేపా నా లోపలిది కాదు.

కొన్నాళ్ళకి బంగారమ్మ నన్ను కిందికి దించింది. “అందరూ పని సేత్తన్నారు, నీకేటి సోకు?” అంది. చిల్లులోంచి నైలాన్ దారం దూర్చి, ఇంటి ముందు నెత్తళ్ళ చేపలు ఎండబెట్టే చోట కర్రకి కట్టింది. గాలికి గిరగిరా తిరుగుతాను. ఎండ నా మీద పడి చెదురుతుంది. కాకులు బెదిరి ఎగిరిపోతాయి. ఇది నాకు దొరికిన మొదటి ఉద్యోగం. ఏ కాకి ఏ దేశానిదో చూడమని ఎవరూ చెప్పలేదు.

కాకులకి నేనున్నాను. కుక్కల్ని అదిలించడానికి ఒక మనిషి కావాలంది బంగారమ్మ. దానయ్య సణుగుతూ కుర్చీ తెచ్చి నా కింద వేసుకున్నాడు. నెత్తళ్ళు ఎండేది సముద్రం వైపే. వాటిని చూస్తూ కూర్చోవాలంటే కుర్చీ అటే తిరగాలి. మొదట చేపల్నే చూశాడు. తర్వాత వాటి అవతల ఇసుక చూశాడు. తర్వాత ఒడ్డుకొస్తున్న పడవని చూసి, “ఆడి మొకం, అలగేనేటి తిప్పడం!” అన్నాడు.

నెత్తళ్ళు తిరగేస్తున్న బంగారమ్మ చెయ్యి ఆగింది. తల ఎత్తలేదు.

దానయ్య లేచి నిలబడ్డాడు. నీళ్ళని చూశాడు. ఎడమచెయ్యి కళ్ళకి అడ్డం పెట్టుకున్నాడు, నా మెరుపు పడకుండా.

“ఒరే, ఎవుడ్రా అక్కడ! నీరు రంగు తిరిగింది. కవ్వళ్ళ సేపల మంద వొచ్చింది. వలలు తియ్యండి!”

ఒడ్డున నలుగురు పరుగెత్తారు. ఎవరూ నా వైపు చూడలేదు. నేను తిరుగుతూనే ఉన్నాను, చిల్లు అంచున కుంకుమతో.