ఎడమకు తిరిగిన నీలిచార

ఆకుపచ్చ ముక్క ఎడమ బుట్టలోకి, గోధుమరంగుది కుడి బుట్టలోకి, తెల్లది ముందున్న రేకుడబ్బాలోకి. చేతులు వాటి పని అవి చేసుకుపోతున్నాయి గానీ కనకరాజు కళ్ళు మాత్రం గేటు మీదే ఉన్నాయి. నాచారంలో పగిలిన సీసాలు కొని, రంగుల వారీగా వేరుచేసి, కరిగించేవాళ్ళకు పంపే గోదాము అది. అందులో అతను పదకొండేళ్ళుగా అదే పీట మీద కూర్చుంటున్నాడు. అరవై ఎనిమిదేళ్ళు నిండాయి. కుడి ముంజేతి మీద వెంట్రుక మొలవని కాలిన మచ్చ, వేళ్ళ కొసల నిండా సన్నటి గీతలు, ఒకసారి వంగితే లేవడానికి బతిమాలించుకునే నడుం.

"ఏంది పెద్దాయనా, పొద్దున్నుంచి గేటే సూస్తున్నవ్? పెండ్లిసూపులకు గిట్ల వస్తున్రా?" అన్నాడు గోదాము చూసుకునే నరేందర్.

"ఏం లే," అన్నాడు కనకరాజు. దొంగకు తేలు కుట్టినట్టుంది అతని సంగతి.

కుట్టి ఆరు రోజులైంది. రామంతాపూర్‌లో ఉండే పద్మశ్రీ అనే రిటైరైన టీచరమ్మకు పాత ఆటవస్తువులు పోగుచేసే పిచ్చి. ఆ రోజు గోదాముకు వచ్చి, గుడ్డసంచి విప్పి, ఒక గోలీ తీసి కనకరాజు అరచేతిలో పెట్టింది. ఇది మీ పాత ఫ్యాక్టరీదే, చేసిన మనిషి కోసం వెతుకుతున్నాను, ఉప్పల్‌లో ఒకాయన మీ పేరు చెప్పి పంపాడు అంది. ఉప్పల్‌లో పాత పనివాళ్ళు నలుగురైదుగురున్నారు. ఎవరని కనకరాజు అడగలేదు.

రేగుపండంత గోలీ. బొటనవేలితో తడిమితే ఒకచోట గరుకు తగిలింది. వేడి గాజును కత్తెరతో తెంపిన చోటు అది. వెలుతురుకు పట్టి చూశాడు. తేట గాజులో రెండు నీలిచారలు మెలికపడి పైకి వెళుతున్నాయి, ఎడమకు తిరిగి. రెండోసారి చూడనక్కరలేదు. ముప్పై అయిదేళ్ళ కిందట ఆ గోలీల ఫ్యాక్టరీ షెడ్డులో ఇనుపచువ్వ కొసన మెత్తటి గాజును పట్టి, చేత్తో మెలిపెట్టి చారలు తిప్పేవాళ్ళు ఇద్దరే. కనకరాజుది కుడిచెయ్యి. రాజమండ్రి వైపు నుంచి వచ్చిన బుచ్చిబాబుది ఎడమచెయ్యి. మేస్త్రీ ఎంత తిట్టినా బుచ్చిబాబు గోలీలో చార ఎడమకే తిరిగేది.

"ఇది చేసింది మీరేనా?" అని అడిగింది పద్మశ్రీ.

"నేనే," అన్నాడు కనకరాజు.

నోరు జారిందని తర్వాత తనకు తాను సర్దిచెప్పుకోబోయాడు. జారిన నోరు అరగంట సేపు వివరాలు చెప్పదు కదా! ఈ చేతులు చూసి దూరంగా జరిగినవాళ్ళున్నారు గానీ, ఫొటో తీసుకున్నవాళ్ళు ఎన్నడూ లేరు. ఆమె తీసుకుంది. ఆ సంబరం సాయంత్రం దాకా ఉంది. తర్వాత సిగ్గు మొదలైంది. పక్షవాతంతో ఎడమవైపు పడిపోయి రెండేళ్ళుగా మంచాన ఉన్న బుచ్చిబాబును చూడడానికి అతను ఒక్క ఆదివారం కూడా మానలేదు. మొన్నటి ఆదివారం మానేశాడు.

చెప్పినట్టే పన్నెండింటికి పద్మశ్రీ వచ్చింది. దళసరి తెల్లకార్డు చూపించింది. దాని మీద 'తయారీ: కనకరాజు, నాచారం' అని నల్లటి అక్షరాలున్నాయి.

"ఎల్లుండి కాలేజీల పాత ఆటవస్తువుల ప్రదర్శన ఉన్నది. మీరు తప్పకుండ రావాలె. ఒక్క డౌటు. మీ ఫ్యాక్టరీవి నా దగ్గర ముప్పై ఉన్నయ్. అన్నీ కుడికే తిరిగినయ్, ఈ నాలుగే ఎడమకు తిరిగినయ్. ఎందుకట్ల?"

ఆమె పరీక్ష పెట్టడం లేదు, నిజంగానే అడుగుతోంది. చెప్పడానికి ఇంతకంటే మంచి సందు దొరకదు. కనకరాజు నోరు తెరిచాడు.

"మనసైనప్పుడు గట్ల తిప్పేటోణ్ణి మేడం."

ఆమె ఆ మాట కూడా రాసుకుంది. వెళ్ళబోతూ నాలుగింటిలో ఒకటి అతని చేతిలో పెట్టి, "చేసినవాళ్ళ దగ్గర ఒక్కటన్న ఉండాలె," అంది.

ఆ తర్వాత గోధుమరంగు ముక్కలు ఆకుపచ్చ బుట్టలో పడసాగాయి. నరేందర్ చూసి, "ఒంట్లో బాగ లేదా? ఇంటికి పో," అన్నాడు. కనకరాజు ఇంటికి పోలేదు. షేర్ ఆటో ఎక్కి ఉప్పల్ వెళ్ళాడు. దారి పొడుగునా జేబులో గోలీని పట్టుకుని ఒకటే మాట వల్లెవేసుకున్నాడు. బావా, నీ పేరు నేను దొంగతనం జేసిన. చిన్న మాటే.

బుచ్చిబాబు భార్య కమలకుమారి తలుపు తీసింది. "రండన్నయ్యగారూ. మొన్న ఆదివారం పొద్దుపోయేదాకా మీకోసం చూశారు. ఇవాళ పొద్దున్నించీ గుక్కెడు జావ కూడా తాగలేదు. ఇంక ఆసుపత్రుల చుట్టూ తిప్పొద్దన్నాడు డాక్టరు. ఇందాకే కళ్ళు మూసుకున్నారు."

"జర పనుండె చెల్లె," అన్నాడు కనకరాజు. మళ్ళీ అబద్ధం.

"ఆ టీచరుగారు కలిశారా? ముందు ఇక్కడికే వచ్చారు. గోళీ చూపించి ఎవరు చేశారంటే, ఈయన 'మా కనకరాజే' అన్నారు. ఆవిడ వెళ్ళాక అడిగాను, అదేంటండీ, మీ ఎడమచేతివాటం నాకు తెలీదా అని. మాట కూడదీసుకుని చెప్పారు. 'నాకు నువ్వున్నావే. ఆ గాజుముక్కల్లో కూర్చున్నవాణ్ణి ఒక్కసారైనా ఎవరైనా అడగాలి కదా' అన్నారు. ఉండండి, టీ పెడతాను."

కనకరాజు మంచం పక్కన స్టూలు మీద కూలబడ్డాడు. ఇచ్చిన వస్తువును దొంగిలించినవాడు లోకంలో తానొక్కడే అయి ఉంటాడు. ఫోను తీసి పద్మశ్రీకి కలిపాడు. బుచ్చిబాబుకు వినపడాలని గట్టిగా మాట్లాడాడు.

"మేడం, కార్డు మీద పేరు మార్చున్రి. అవి నేను జెయ్యలే. బుచ్చిబాబు జేసిండు. ఎడమచెయ్యి వాటం. నేను అబద్ధం జెప్పిన."

అవతలినుంచి పద్మశ్రీ అడిగింది. "మీరే చేసిన్రని నాకు చెప్పింది ఆయనే కదా?"

"ఆయన సుత అబద్ధమే జెప్పిండు మేడం," అన్నాడు కనకరాజు. ఆ మాట అనేసరికి ఏడుపు ఆగలేదు.

"ఇన్నవా బావా?" అంటూ గోలీని బుచ్చిబాబు ఎడమ అరచేతిలో పెట్టి వేళ్ళు మూశాడు. అవి మళ్ళీ తెరుచుకున్నాయి. రెండేళ్ళుగా ఆ చెయ్యి అంతే కాబట్టి అతనికి అనుమానం రాలేదు. కాసేపాగి కుడిచెయ్యి అందుకున్నాడు. అదీ అచ్చం ఎడమచెయ్యిలాగే ఉంది. ఛాతీ వైపు చూశాడు. కదలిక లేదు.

కమలకుమారి టీ గ్లాసులతో వచ్చి గుమ్మంలోనే ఆగిపోయింది. ఫోను మాట్లాడకముందే పోయాడా, విన్నాక పోయాడా అన్నది ఇక ఎవరూ చెప్పలేరు. కనకరాజు బతికినన్నాళ్ళూ అడుగుతూనే ఉంటాడు.

ఇరుగుపొరుగు వచ్చి బుచ్చిబాబును ఎత్తి కింద చాప మీద పడుకోబెట్టారు. మంచం మీద, ఎడమచెయ్యి ఆనిన చోట పరుపుకు పడ్డ గుంటలో గోలీ ఉండిపోయింది, నీలిచారలు ఎడమకు తిరిగి.